మా విలేకరి

రాత్రి తొమ్మిదిన్నరకి
అనంతపురం డెస్కులో నా పని
ప్రపంచాన్ని ఏడో పేజీలో సర్దడం.
కుర్దుల ఊరి నుంచి ఏజెన్సీ వార్త ఒకటొచ్చింది.
ఆ ఊరి పేరు తెలుగులో ఎట్లా రాయాలో
ముగ్గుర్నడిగినా తేలలేదు.
గుడి అన్నారొకరు, దీర్ఘమన్నారొకరు.
అక్కడ పేపరాయన ఒకడు చచ్చిపోయాడు,
దాన్ని మాత్రం మూడు రకాలుగా రాయలేం.

ఏలేవాళ్ళ బావమరిదిని చమురు లెక్క అడిగాడంట.
సొంత వాకిట్లో, రొట్టెల సంచితో నిలబడుంటే
నంబరు ప్లేటు లేని బండి వచ్చి ఆగిందంట.
రొట్టెలింకా వేడిగానే ఉన్నాయని
వాళ్ళమ్మ చెప్పిన మాటను
చోటు చాలక కొట్టేశాను.

చోటెక్కడిది?
ఎమ్మెల్యే తమ్ముడి పుట్టినరోజు.
అరపేజీ నవ్వు,
దాని కింద నలభై రెండు తలకాయల శుభాకాంక్షలు.
పన్నెండు వాక్యాలు మూడయినాయి.
మూడోదాంట్లో మనిషి సగమే పట్టాడు.

పదకొండుకి ఫోను. కుళ్లాయప్ప.
పెన్నకి ఆ పక్క మండలం,
పదకొండేళ్ళుగా మా కంట్రిబ్యూటరు.
జీతం లేదు, సెంటీమీటర్ల లెక్క.
స్కేలు పెట్టి కొలుస్తాం వాని నెలని.
సెనక్కాయల కాలంలో కాటా దగ్గర కూలి,
మిగతా కాలమంతా యాడ్‌ల కోసం
నాయకుల వాకిళ్ళు.
ఏ వాకిట్లో చెయ్యి చాపాడో
ఆ వాకిలి మీదే రాయాల.

పేరు కోసం ఎంత సతాయించేవాడో!
"సార్, బండలాగుడు పోటీల వార్తకి పేరెయ్యండి సార్,
మా పాప బడిలో చూపించుకుంటాది."
ఆ రాత్రి మాత్రం గొంతు తగ్గించి,
"ఇసుక వార్త పంపినా సార్. పేరెయ్యొద్దు."
వెనకాల ఏదో ఇంజను ఆగకుండా ఆడుతోంది.
"యాడుండావప్పా?"
"మిద్దెక్కినా సార్. ఇప్పట్లో దిగేట్టు లేదు."

ఫొటో తెరిచాను.
ఏట్లో రెండు నిలువుల గుంత.
ఊరి తాగునీళ్ళ పైపు
కింద మన్ను లేక గాల్లో వేలాడుతోంది.
ట్రాక్టరు.
నంబరు ప్లేటు లేదు.

గంటన్నర కిందట టైపు చేసిన మాటే.
మళ్ళా కొట్టే పని లేకుండా
ఏడో పేజీ నుంచి తెచ్చి
జిల్లా పేజీలో అతికించాను.
అక్షరం తేడా లేకుండా సరిపోయింది.

వాని పేరు తీసేసి
'మా విలేకరి' అని పెట్టాను, రూలు ప్రకారం.
పేజీ మిషనెక్కినాక తట్టింది:
ఆ మండలానికంతా మా విలేకరి ఒక్కడే.
పాల ప్యాకెట్లేసే పిల్లోడు కూడా
వాళ్ళిల్లు చూపిస్తాడు.
ఎర్రరంగుతో ప్రెస్ అని రాసుకున్న పాత మోపెడ్
గడప ముందరే ఉంటుంది.

నాలుక్కి వ్యాన్లు పోయినాయి.
సప్తగిరి సర్కిల్లో టీ చేతిలో పట్టుకుని
ఫోను చేశాను.
మోగింది, మోగింది.
ఏం చెయ్యాలో తోచక ఏడో పేజీ తిప్పాను.
ఆ ఊరి పేరుకి, చూస్తే,
దీర్ఘమే పెట్టినట్టున్నాను.

ఏడింటికి మెసేజు:
"సార్, ఎన్ని సెంటీమీటర్లు పడింది?"
స్కేలు కోసం సొరుగంతా వెతుకుతున్నాను.
అంతలో ఇంకోటి:
"కింద ఎవరో బండి పెట్టుకోని కూచోనుండారు సార్.
మాయమ్మ ఉగ్గాని పైకి పంపింది,
వేడిగుంది.
తినేసి దిగుతా."