పారబోసిన లెక్క

ఉలాన్‌బాతర్‌లో బయట మైనస్ ముప్పై నాలుగు.
బొగ్గు పొగ కిటికీ అద్దానికి పేరుకుని
వీధి దీపాల్ని పసుపు మరకలు చేసింది.
మూడో అంతస్తులో సరంతుయా
ఒక మడమను గోరువెచ్చని గుడ్డలో చుట్టి కూర్చుంది.
నా బొటనవేలి గోరంత మడమ.

తొమ్మిది వందల పది గ్రాముల మనిషి.
ఒంట్లో నెత్తురంతా కలిపినా
మేం ఉప్పేసుకుని తాగే పాల టీ
ఒక కప్పు నిండదు.

పేరింకా పెట్టలేదు.
కార్డు మీద నెర్‌గుయ్ అని రాసుంది,
అంటే పేరులేనివాడు.
పేరు లేనివాణ్ని చావు పిలవలేదని
నాయనమ్మ దూల్మా ధీమా.
నుదుట మసి చుక్క పెడతానని వచ్చింది,
తలుపు దగ్గరే ఆపేశారు.
వేలికి మసి అలాగే ఉంచుకుని
బెంచీ మీద రెండో రాత్రి.

నేను కింద ల్యాబ్‌లో ఉంటాను.
పదకొండేళ్లుగా ఇదే బల్ల.
ఒకప్పుడు మందు ఎంతుందో చూడాలంటే
మిల్లీలీటరు పంపమనేదాన్ని,
తక్కువైతే ఫోన్ చేసి విసుక్కునేదాన్ని.
మిషను తాగింది తాగగా
మిగిలింది ఎర్రమూత డబ్బాలో పారబోసేదాన్ని.
ఎవరి కప్పులోదో అడగలేదు.
మేం తీసినదానికి బదులు
పైన ఎవరో పెద్దవాళ్ల నెత్తురు ఎక్కించేవాళ్లు.
ఆ లెక్క ఏ రిజిస్టర్లోనూ లేదు.

ఇప్పుడు సన్నటి గాజు గొట్టంలో
ఒక్క చుక్క వస్తుంది.

జెంటామైసిన్ తక్కువైతే క్రిమి మిగులుతుంది.
ఎక్కువైతే మూత్రపిండాలు,
ఆ తర్వాత చెవులు.
ప్రాణం దక్కి, అమ్మ గొంతు దక్కని పిల్ల
మా వీధిలోనే ఉంది. స్కూలుకెళ్తూ
నన్ను చూసి చేతులతో ఏదో చెబుతుంది.
నేనింకా ఆ భాష నేర్చుకోలేదు.

గొట్టం తిప్పాను. ఎరుపు కిందికి దిగి
పైన గడ్డిరంగు తేట నిలిచింది,
చీమ తలకాయంత.
చెయ్యి వణికితే ఇంకోటి అడగాలి.
వణకలేదు.

అంకె వచ్చింది. ఉండాల్సినదానికి రెండింతలు.

ఫోన్ చేశాను. అటువైపు డాక్టర్‌ని లేపారు,
రాత్రి డోసు ఆపమన్నాడాయన
నిద్రగొంతుతోనే.
ఇంతలో స్టీలు ట్రే ఏదో
ఖంగుమని నేల మీద పడింది.
సరంతుయా తనను తాను తిట్టుకుంది.
కాసేపు మాట లేదు.
"ఉలిక్కిపడ్డాడు," అంది తర్వాత,
"రెండు చేతులూ ఎగరేసి."

రిజిస్టర్లో అంకె రాశాను.
తేదీ, టైము రాశాను.
తీసింది: ఒక చుక్క. పారబోసింది: లేదు.
పేరు దగ్గర
కాస్త ఎక్కువే చోటు వదిలాను.