రెండు గుక్కల నిషాదం

రాయపురంలో ఒకప్పటి ఐసు గోడౌను.
గోడలకింకా చేపల వాసన.
మే నెల, మధ్యాహ్నం మూడు.

భ్రమరాంబ గారు పాత చీరముక్కల్లోంచి
పింగాణీ గిన్నెల్ని ఒక్కొక్కటే విప్పుతున్నారు,
పురిటివార్డులో నర్సులా లెక్కపెట్టుకుంటూ.
పదహారుకి పదిహేనే తేలాయి.
పెరంబూరు నుంచి వస్తూ ఆటోలో
మధ్యమం పగిలింది.

నా మొహం చూసి ఆవిడే నన్ను ఓదార్చి
ఎదురుగా మీరాన్ భాయ్ టీ కొట్టుకి పంపారు.
ఆ వీధిలో ఇంకా పింగాణీ కప్పుల్లో టీ పోసేది ఆయనొక్కడే.
ఏడు కప్పులు గోటితో కొట్టి చూశాను.
ఎనిమిదోది పలికింది.
డబ్బులొద్దన్నాడు,
రాత్రికి కప్పు తెచ్చిచ్చెయ్యమన్నాడు.

ఇటుపక్క నా పెట్టె.
రిచీ స్ట్రీట్లో ఏరుకొచ్చిన చిప్పులు, నాబులు,
ఆరు నెలల ఓవర్‌టైము,
నా చేత్తో నేనే అతికించుకున్న ఆసిలేటరు.
వేడెక్కితే దాని శ్రుతి జారుతుంది.
ఏసీ వెయ్యమన్నాను.
ఏసీ గాలికి నీళ్ళు వణుకుతున్నాయి, ఆపమన్నారు.
వేశాం. ఆపాం. మళ్ళీ వేశాం.
నీళ్ళే గెలిచాయి.
బట్టలు వీపులకి అంటుకుపోయాయి.

ఫోన్లో ట్యూనరు తెరిచి గాంధారం పక్కన పెట్టాను.
ఎర్ర గీత. పద్నాలుగు సెంట్లు తక్కువ.
"ఒక చెంచాడు నీళ్ళు తీసేస్తే సరిపోతుందండీ."
ఆవిడ చెంచా ముట్టుకోలేదు.
"ఆ ఫోను ఎవరి దగ్గర నేర్చుకుంది?"
నేనింకా జవాబు వెతుక్కుంటున్నాను.
"పోనీ నువ్వు విను" అన్నారు.
ఫోను బోర్లించాను.

ఆవిడ వెదురు పుల్లతో ఆపకుండా మీటుతున్నారు.
నా పెట్టె తన ఒంటి గొంతు పట్టుకునుంది.
రెండింటి మధ్యా మూడోది ఒకటి,
మా ఇద్దరిలో ఎవరం పలికించనిది:
వావావావావా

నాబు వెంట్రుకవాసి తిప్పాను.
వా వా వా
స్విచ్చి ఆపాక పంకా రెక్కలు
ఒకటీ రెండూ మూడూ అని కంటికి ఆనినట్టు
ఆ ఊపు లెక్కకి అందుతోంది.
సెకనుకి మూడు. రెండు.
వా...
వా...
ఇంకొక్క వెంట్రుకవాసి అనుకున్నాను.
పుల్ల వచ్చి నా మణికట్టు మీద ఆగింది.
"ఉండనీ.
అచ్చం మా ఆయన గురక.
విని నాలుగేళ్ళయింది."

పెట్టె మీంచి చెయ్యి తీసేశాను.
చాలాసేపు గురక విన్నాం.

ఐదున్నరకి ఆవిడకి బీపీ మాత్ర గుర్తొచ్చింది.
తెచ్చిన సీసాలన్నీ గిన్నెలకే ఖర్చయిపోయాయి.
నేను చూస్తూండగానే నిషాదం ఎత్తి
రెండు గుక్కలు తాగి, మాత్ర మింగి,
గిన్నె దాని చోట దాన్ని పెట్టి
కొంగుతో మూతి తుడుచుకుని
తట్టి చూశారు.
నిషాదం పైకెక్కి కూచుంది,
షడ్జమానికి పొరుగింటి గోడ మీద.

"శ్రుతి మించింది" అని ఆవిడే ముందు నవ్వారు.
"ఇంక రాగాన పడాలి."
నీళ్ళు తెస్తానని లేచాను.
కూర్చోమన్నారు.

ఇన్నాళ్ళూ నా పెట్టెని
అంకెలకి కలిపాను, కంప్యూటరుకి కలిపాను,
ఒకసారి గొడవపడి మరీ ఓ పియానోకి కలిపాను.
ఒక మనిషి దాహానికి కలపడం ఇదే మొదలు.
ఆవిడ గొంతు దిగిన ఆ రెండు గుక్కల మేరకి
నాబు పట్టుకుని ఎక్కాను,
మెల్లగా, చీకట్లో మేడమెట్లు తడుముకుంటున్నట్టు.
దొరికింది అనుకున్న చోట
పెట్టె వేడెక్కి జారింది.
మళ్ళీ ఎక్కాను.

ఏడింటికి ఇరవైమంది వచ్చారు.
మధ్యలో నలుగురు వెళ్ళిపోయారు.

తొమ్మిది దాటాక మధ్యమాన్ని గుమ్మం బయట పారబోసి
చొక్కాకి తుడిచి
మీరాన్ భాయ్‌కి ఇచ్చేశాను.
అందులోనే టీ పోసి చేతికిచ్చాడు, అంచుదాకా.
అలవాటుగా గోటితో కొట్టాను.
రిషభానికి కాస్త కింద.
ఒక గుక్క తాగి, కొట్టి,
ఒక గుక్క తాగి, కొట్టి,
బల్ల తుడుస్తూ ఆయన వింతగా చూస్తుంటే
నిలబడే తాగాను.