పొయ్యి చెడిన శనివారం

మెకానిక్ మంగళవారం గాని రాడట.
ఆర్బ్రోత్ మొత్తానికి పొయ్యిలు బాగుచేసేవాడు ఒక్కడే,
వాడికీ నడుంనొప్పి.
ఆరింటికి నువ్వొస్తున్నావు, మోరాగ్,
పదకొండేళ్ళ తర్వాత.

సరే, వండకుండానే పెడతాను.

పొద్దున్నే రేవు సందుకి నడిచి
పొగ పట్టించిన హాడక్ చేపలు తెచ్చాను, ఒక జత.
ఇక్కడ ఒంటి చేపని అమ్మరు, నీకు తెలుసు.
రెండు తోకలూ కలిపి జనపతాడుతో కట్టి
కర్రకి అటొకటి ఇటొకటి వేలాడదీసి
తడి గోనెపట్టా కప్పుతారు.
వీపు వీపూ ఆనించుకుని
ఒకే పొగలో ఎర్రబడతాయి.
తలలు ముందే తీసేస్తారు కనుక
పోట్లాట లేదు.

ముడి వేసేది అమ్మ,
తాడు తెంపి ఇచ్చేది నువ్వు,
లెక్క తప్పేది నేను.

ఇంటికొచ్చి ముడి విప్పాను. కత్తెర వాడలేదు.
వీపు వెంట బొటనవేలు దూర్చి తెరిస్తే
లోపలి కండ పొరలు పొరలుగా, పాలరంగులో.
పెద్ద ముల్లు ఒక్క లాగుకి మొత్తం వచ్చేస్తుంది.
చిన్నవే రావు.
వాటికి కళ్ళద్దాలు పనికిరావు,
వేళ్ళతోనే వెతకాలి.

హమ్మస్ బజార్లో డబ్బాది కొన్నాను.
పైగదిలో అద్దెకుండే హదీల్,
డండీలో నర్సు చదువుతున్న పిల్ల, ఊరు నాబ్లస్,
మూత తీసి వాసన చూసి
"మా అమ్మ చూస్తే ఏడుస్తుంది" అని
డబ్బాని ఫ్రిజ్‌లో వెనక్కి నెట్టింది.
టిన్నులో ఉడికి ఉన్న కాబూలీ శనగల్ని గిన్నెలో పోసుకుని
ఒక్కో గింజకీ చొక్కా విప్పింది.
నువ్వుల ముద్ద, వెల్లుల్లి రెబ్బ, నిమ్మరసం.
మిక్సీలో ఐసుముక్క వేస్తుంటే
అరిచాను, బ్లేడు పోతుందని.
"చల్లగా తిరిగితేనే తెల్లగా వస్తుంది ఆంటీ."
వచ్చింది. బ్లేడుకేం కాలేదు.

అమ్మ నీలం పళ్ళెం దించాను,
అంచున బీట ఉన్నది, నీవల్లే అని నేనంటానే, అదే.
నడుమ హమ్మస్ పోసి
గరిటె వీపుతో గుండ్రంగా తిప్పితే
చిన్న చెరువులా గుంట పడింది.
అందులో నూనె.
చుట్టూ చేప తునకలు, కీరా ముక్కలు,
పుల్లని బీట్‌రూట్ (దూరంగా, రంగు దిగుతుంది),
ఓట్ బిస్కెట్లు.
పొయ్యి ముట్టకుండా ఇంత పళ్ళెం!
ఈ ఇంట్లో ఇవాళ నిప్పు లేదు,
ఇల్లంతా పొగ వాసన.

నిప్పు లేనిదే పొగ రాదు అని
ఆ ఏడు ఊరంతా నిన్నన్నారు.
పడవ అమ్మిన డబ్బు నువ్వే తినేశావని.
ఆ మాట పుట్టించింది నేను కాదు.
ఆర్పిందీ నేను కాదు.

ఏడాది తిరిగాక అమ్మ కుట్టుపెట్టె అడుగున
దారపు ఉండల కింద
బ్యాంకు కాగితాలు దొరికాయి.
అప్పులవాళ్ళకి కట్టినట్టు రసీదులు, అమ్మ సంతకం.
చదివి, మడిచి,
మళ్ళీ దారపు ఉండల కిందే పెట్టాను.
పదేళ్ళు, మోరాగ్.
గొంతులో ముల్లు ఉంటే
అన్నం ముద్దో రొట్టె ముక్కో మింగమంటారు.
నేనేం మింగానో నాకు తెలుసు.

ఇవాళ ఆ కాగితాలు తీశాను.
పళ్ళెం పక్కన పెట్టాను,
బాగోలేదు, పార్టీలో బిల్లు పెట్టినట్టుంది.
పళ్ళెం కింద పెట్టాను,
నూనె పట్టుకుంది ఓ మూల.
హదీల్ చూసింది, ఏమిటని అడగలేదు,
పైకెళ్తూ ఒక్కటే అంది:
"ముందు తిననివ్వండి."

నువ్వు తింటావా ఇంకా హాడక్?
డాక్టరు ఉప్పు మానెయ్యమన్నాడని ఎవరో అన్నారు.
ఊళ్ళో మాటలు నమ్మడం మానేశాను గానీ
ఇదొక్కటి నిజమేమో.

జనపతాడు ఇంకా బల్ల మీదే ఉంది,
రెండు తోకల వంపూ దానిలో అలాగే.
పారేయబోతుంటే
బెల్ మోగింది.
ఆరు కాలేదే. పది నిమిషాలు ముందే వచ్చావు.

నిమ్మకాయ కోయనేలేదు.