పదివేల తొమ్మిది

చీమకుర్తి క్వారీలో తెల్ల పెయింటు పని నాది.
గుంతలోంచి పైకి తేలిన ప్రతి నల్లబండ మీదా
జానెడంత అంకెలు వేస్తాను.
నిన్న పొద్దుగూకే వేళ వేసింది
ఒకటి, మూడు సున్నాలు, తొమ్మిది.

పల్లపు మాలకొండయ్య మేస్త్రీ
బండకి అరచెయ్యి ఆనించి
సమ్మెటతో ఒక్క చిన్న దెబ్బ వేసి చెవి పెడతాడు.
"ఇదిగో, ఇక్కడుందమ్మాయ్ పొర."
అక్కడ వరసగా చీలలు దించితే
రాయి తనంతట తానే రెండవుతుంది,
పెద్దగా చప్పుడు కూడా చెయ్యదు.

నేను ఇంటర్ లెక్కల దగ్గర ఆగిపోయినదాన్ని.
లారీ రాని రాత్రుల్లో
వేబిల్లుల వెనక అంకెలకి పొర వెతుకుతాను.

పదివేల ఎనిమిది మెత్తది.
రెండుకి చీలింది, మూడుకి చీలింది,
చీలీ చీలీ నూటముప్పై తొమ్మిది దగ్గర
గట్టి గుండొకటి మిగిలింది.
(ఆ నంబరు వేసిన బండ మాత్రం
మేస్త్రీ ఉలి విరగ్గొట్టింది. అది వేరే సంగతి.)

పదివేల తొమ్మిది అట్లా లొంగలేదు.
ఏడు పెట్టాను, ఆరు మిగిలింది.
పదకొండుకి పది, పదమూడుకి పన్నెండు.
మూడుసార్లూ ఒక్కటంటే ఒక్కటి తక్కువ,
పక్కింటికి రావాల్సిన చుట్టాలు
మన గడపలో నిలబడి చూసినట్టు.
డెబ్బై ఒకటికి అరవై తొమ్మిది.
తొంభై ఏడు దాకా పోయి పెన్సిల్ కింద పెట్టాను.
వందకి అవతల పొరంటూ ఉంటే
దాని జత ఇవతలే దొరికి ఉండాలి.
ఇరవై ఐదు చీలలూ వంగిపోయాయి.

"పొర లేకపోతే ఏం చేస్తావు మామా?"
"ఇంకో పక్కకి తిరిగి చూస్తా."

తిరిగి చూశాను.
నూరు వరసలు, వరసకి నూరు గులకరాళ్ళు.
పక్కనే మూడు వరసలు, వరసకి మూడు.
క్వారీ నేలంత చదరం ఒకటి,
నేను కూర్చునే రేకుల గదంత చదరం ఇంకొకటి.
మరే రెండు చదరాలకీ అది కుదరదు.

మైనస్ ఒకటికి వర్గమూలం ఉందనుకోమనేవారు
కాలేజీలో మస్తాన్‌వలీ సారు.
దానికాయన పెట్టిన పేరు ఊహ.
అనుకున్నాను.
నూటికి మూడు ఊహలు కలిపి ఒక ముక్క,
నూటిలోంచి మూడు ఊహలు తీసి ఒక ముక్క.
ఇనుముకి చీలనిది అక్కడ చీలింది.
నాకెందుకో కాస్త దిగులేసింది.

దాని కవల, పదివేల ఏడు,
మొన్ననే కృష్ణపట్నం రేవుకి పోయింది.
నాలుగుతో భాగిస్తే మూడు మిగిలే జాతి.
చదరాలకి కుదరదు, ఊహకీ లొంగదు.
ఆ సంగతి తెలియక
ఏడు కాస్త వంకరగా వేశాను దాని మీద.
ఈపాటికి ఓడ అడుగున
ఆ వంకర ఏడుతోనే ఉండి ఉంటుంది.

ఇవాళ పైకొచ్చింది పదివేల పది.
మేస్త్రీ చెయ్యి ఆనించకముందే చెప్పేశాను:
రెండు, ఐదు, ఏడు, పదకొండు, పదమూడు.
"నువ్వు ఆగు," అన్నాడాయన,
"రాయిని చెప్పనీ."