గీత

నర్సరీల కొన్నప్పుడు మోకాలు ఎత్తు లేదు.
నాలుగేండ్లకే కోనోకార్పస్
కరెంటు తీగలతోని పంచాయితి పెట్టుకున్నది,
పక్కింటి రహీమున్నిసా కిటికీల చెయ్యి వెట్టింది,
నల్లా పైపును వేళ్లతోని పిండింది.

మిర్గం ముందర రాజేశం వచ్చిండు
హనుమకొండ గోపాలపూర్‌ల మా గల్లీకి.
భుజానికి మోకు, నడుముకు ముత్తాదు.
నిచ్చెన తెస్తనంటే నవ్విండు.
ఊర్లె తాళ్లు నరికి ప్లాట్లు చేసిన్రట,
ఎక్కుడు మాత్రం కాళ్లల్ల ఉండిపోయింది.

సన్నపు బోదె. తాటిని పట్టిన మోకు
దీనికి వదులై జారింది.
రెండు చుట్లు వేసి ఎక్కిండు.
కత్తి అంచును బొటనవేలితో చూసుకొని
జరసేపు ఊకున్నడు.
"గెలను పూటకింత, గోరంత గీస్తే
లొట్టి నిండుతది సారూ.
దీన్ని ఎంత నరికినా
మళ్లా మొలుసుడే తప్ప ఇచ్చేదేం లేదు."

గొడుగు లెక్క గుండ్రంగ కావాలన్నది మా ఆమె.
సరే అన్నడు.
పొద్దు నెత్తిమీదికొచ్చేదాక కొమ్మలు పడుతనే ఉన్నయి.
మామిడిపండ్ల బండి సందు దాటలేక తిరిగిపోయింది.
ఒక మేక ఆకు వాసన చూసింది,
ఆలోచించింది,
మోరి పక్క గడ్డికే పోయింది.

దిగినంక అందరం తలెత్తి చూసినం.
కిందినుంచి మెడ దాక నున్నటి బోదె,
పైన ఒక్క జుట్టు ఆకులు.
గొడుగు ఏది అని మా ఆమె అడగలె.
రాజేశం కూడ అప్పుడే చూసినట్టున్నడు
తన చెయ్యి ఏం చేసిందో.

ఏడువందలు మడిచి బొడ్లె దోపుకున్నడు.
గేటు దాటి మళ్లొక్కసారి ఆగి
చెయ్యి కండ్లకు అడ్డంపెట్టి పైకి చూసిండు,
లొట్టి నిండిందా అని చూసినట్టు.