తనిఖీ కాల్

పదిమందిలో ఒకరికి నేను మళ్లీ ఫోన్ చేయాలి.
మా అమ్మాయి నిజంగానే ఇంటికొచ్చిందా,
బస్టాండులో టీ తాగుతూ తనే గళ్లు నింపేసిందా,
కనుక్కోవడం నా ఉద్యోగం.
గోరీ ఆఫీసులో హీటరు ఒక పక్కే కాలుతుంది,
కుర్చీ తిప్పుకుంటూ మాట్లాడతాను.

ఫారం నాలుగు వందల పదిహేడు.
ఎతేరి, డెబ్బై ఒకటి, ఒంటరి మనిషి.
ముళ్లకంచెకీ పెరటికీ మధ్య రెండు వందల అడుగులు.
తొమ్మిదో ప్రశ్న: మళ్లీ యుద్ధం వస్తుందని మీకెంత భయం?
చాలా. కొంత. అంతగా లేదు. అసలు లేదు.
'అసలు లేదు' చుట్టూ సున్నా,
గట్టిగా తిప్పిన చోట కాగితం చిరిగింది.

"వచ్చిందమ్మా, ఎందుకు రాలేదు!
బూట్ల నిండా బురద. పొయ్యి దగ్గర కూర్చోబెట్టాను.
ఆక్రోటు కాయలు ఒలుస్తుంటే తనూ చెయ్యేసింది,
పచ్చితొక్క, గోళ్లు నల్లబడతాయే అన్నా వినలేదు."
ఎంతసేపుంది?
"దీపాలు పెట్టేదాకా."
ఫారంలో ముప్పై ఎనిమిది నిమిషాలు.

తొమ్మిదోది మళ్లీ చదివాను.
అవతల కాసేపు కోళ్ల గోల.

"అది అడిగేటప్పుడే పిల్ల గొంతు బొంగురుపోయింది.
ఎవరున్నారే నీకు, అన్నాను.
తమ్ముడట. మా ఊరి పైన కాపలా గుడిసెలోనే
మూడు నెలలుగా తుపాకీ మోస్తున్నాడట.
ఇంక నేనేం చెప్పను?
భయమా, నాకా, అసలు లేదు, రాసుకో అన్నాను.
వాళ్ల తమ్ముడికని సంచీ నిండా కాయలు కూడా పోశాను."

మరి నిజంగా?

"నిజంగానా..." పొయ్యిలో కట్టె ఎగదోసిన చప్పుడు.
"నీకెవరున్నారు?"

తనిఖీ చేసేవాళ్లు జవాబు చెప్పకూడదు.
రూలు పుస్తకం నాలుగో పేజీ, నేనే టైపు చేశాను.
చెప్పాను.
వాడి వయసు, వాడి దళం, ఆదివారాలు మాత్రం ఫోన్ చేస్తాడని.

"అయితే నీకూ అదే జవాబు," అంది ఎతేరి.
"అసలు లేదు. రాసుకున్నావా?"

నా దగ్గరున్నవి మూడే గళ్లు:
సరిపోయింది, సరిపోలేదు, ఫోన్ ఎత్తలేదు.
వచ్చే నెల త్బిలిసీలో ఎవరో
తెర మీద గీత చూపిస్తారు,
కంచె పక్క ఊళ్లలో భయం రెండు పాయింట్లు తగ్గిందంటారు.
ఆ రెండులో ఒకటి ఎవరిదో
నాకు తెలుసు.

సోమవారం ఖాతునా కొత్త ఫారాల కోసం వచ్చింది.
వేళ్లు ఇంకా నల్లగానే ఉన్నాయి.
ఏమీ అడగలేదు నేను.
హీటరు కాలే పక్కకి
ఆమె కుర్చీ జరిపాను.