ఉప్పు తిన్న ఊరు

మా ఇంట్లో గోళీని వదిలితే
ఎవరూ తోయక్కర్లేదు.
తనంతట తనే వంటగది దాటి
మెట్ల కింది మూలకెళ్ళి కూర్చునేది.
ఏది పోయినా ముందు అక్కడే వెతికేవాళ్ళం:
గుండీలు, పెన్సిలు ముక్కలు,
ఓసారి నాయనమ్మ కట్టుడు పన్ను.

గిన్నెలో సూపు ఓ పక్కకు ఒరిగి ఉండేది.
లోతున్న వైపే చెంచా ముంచాలని
అక్షరాలకంటే ముందు నేర్చుకున్నాం, నేనూ మేవిసూ.

వించ్‌లోలో అందరిళ్ళూ అంతే.
నేల కింద ఉప్పు, ఉప్పు మీద నీళ్ళు.
ఉప్పును నీళ్ళు తినేవి, ఆ నీళ్ళను పంపులు తాగేవి.
ఊరు తన కాళ్ళ కింది నేలను తానే తోడుకుని
గోనెసంచుల్లో కుట్టి, పడవలకెక్కించి అమ్ముకునేది.

నాన్న పెనాల షెడ్డులో పని.
ఒక్కో ఇనుప పెనం మా వీధిలో నాలుగిళ్ళంత పొడుగు.
ఆవిరిలో చొక్కా లేకుండా నిలబడి
పొడుగు కర్రపారతో ఉప్పును ఒడ్డుకు లాగేవాడు.
ఇంటికొచ్చేసరికి కనుబొమలు తెల్లగా ఉండేవి.
ముప్పై నాలుగేళ్ళ ముసలివాడు
ముఖం కడుక్కుని మళ్ళీ కుర్రాడయ్యేవాడు.
ఆ ఒక్క క్షణం కోసం తొట్టి దగ్గర కాపు కాసేదాన్ని.

మిసెస్ హల్స్ కొట్టు గుమ్మం వంగిన కొద్దీ
వడ్రంగి వచ్చి తలుపు అంచు కోసిపోయేవాడు.
చివరికది మూల చింపిన కాగితంలా మిగిలింది.
"కొట్టు ఒరిగితే ఏం, తూకం సరిగ్గానే ఉంది" అనేది
తక్కెడ కింద మడిచిన పోస్టుకార్డు సర్దుతూ.

ఆరేళ్ళప్పుడు వీధిలో మునివేళ్ళ మీద లేచినా
మా కిటికీ గట్టు అందేది కాదు.
ఏడేళ్ళకు వేళ్ళు తగిలాయి.
ఎనిమిదికి గడ్డం ఆనించి
లోపల బంగాళాదుంపల తొక్క తీస్తున్న అమ్మను పలకరించాను.
ఎంత గబగబా ఎదిగిపోతున్నానో అని ఎంత గర్వం!
వేసవికల్లా మోచేతులు ఆనిస్తానని
విల్ఫ్ ప్లాట్‌తో పందెం కాశాను, రెండు పెన్నీలు.

వేసవికి ముందే జాకీలు తెచ్చారు.
మా ఇళ్ళు చెక్క చట్రాల మీద కట్టినవి,
ఇలాంటి రోజొకటి వస్తుందని తాతల కాలంలోనే తెలుసు.
ఎనిమిది మంది మనుషులు. ఒకడు ఈల ఊదితే
అందరూ ఒక్కో చుట్టు తిప్పాలి.
అమ్మ బయటికి రానంది, ఓవెన్లో కేకుందట.
కప్పులు గలగలమన్నాయి.
గొంతుక్కూర్చున్న ముసలావిడ
మోకాళ్ళు పట్టుకుని లేచినట్టు
లేచింది ఇల్లు.

సాయంత్రం కిటికీ దగ్గరికెళ్ళాను.
గట్టు అందలేదు.

ఇన్నాళ్ళూ ఇల్లే
దిగి వచ్చిందన్నమాట నా దగ్గరికి.

గోడకు ముఖం పెట్టి ఏడుస్తుంటే
నాన్న భుజాల మీదికెత్తుకున్నాడు.
ఎందుకని అడగలేదు.
ఆయన జుట్టు నా పెదాలకు ఉప్పగా తగిలింది.
విల్ఫ్ మాత్రం రెండు పెన్నీలూ వసూలు చేశాడు.

ఆ చలికాలమే విల్ఫ్ వాళ్ళ గుర్రపుశాల
ఓ రాత్రి నేలలోకి దిగిపోయింది.
గుర్రం బతికింది. తెల్లారేసరికి చర్చి వాకిట్లో నిలబడి ఉంది,
మెడలో తాడు, తాడు చివర కట్టుకొయ్య.
గొయ్యిలోకి కాలవ గట్టు తెగింది.
రెండు వీధులు, ఒక సారాయంగడి, మా బడి ఆటస్థలం.
ఉప్పు తిన్న ఊరు
నీళ్ళు తాగింది.

ఇప్పుడది చెరువు. బాతులు, గాలాలు, బెంచీలు.
ఆకుపచ్చ బోర్డు మీద తారీఖులు, టన్నుల లెక్కలు.
తప్పుల్లేవు, నేను చూశాను.
బడిపిల్లలొచ్చిన రోజున నన్ను పిలుస్తారు
నాలుగు ముక్కలు చెప్పమని.
బోర్డులో ఉన్నవే చెబుతాను.
చివర్లో కోటు జేబులోంచి గోళీ తీసి
బెంచీ మీద పెడతాను.

కొత్త బెంచీ, కాంక్రీటు పునాది.
అది ఎటూ కదలదు.
పిల్లలు మర్యాదగా ఎదురుచూస్తారు.
నేనూ చూస్తాను.